ఊరికొక్క చదువరి

మా నెమలికుంటలో అందరూ అక్షరాస్యులే. చదవడానికి మాత్రం ఒక్కడికే అనుమతి ఉంది. ఆ ఒక్కడూ నేను కాను.

నేను ఈ ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. పేరు బుచ్చిరాములు. ఎం.ఏ. చదివాను, పండిత శిక్షణ పొందాను, పిల్లల రాతలు దిద్దీ దిద్దీ జుట్టు నెరిపించుకున్నాను. అయినా 'నవ్య అక్షర మిషన్' వారి దృష్టిలో నేను 'పఠనేతర అక్షరాస్యుణ్ణి'. అంటే నాకు అక్షరాలు వచ్చు గాని వాటిని వాడే అధికారం లేదు. ఇదేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళకు మొదటి నుంచీ చెప్పడం మంచిది.

పోయిన ఏడు దాకా సాయంత్రంపూట బడి వరండాలో వయోజన తరగతి నడిపేవాణ్ణి. వచ్చేవాళ్ళే తక్కువ. వాళ్ళలోనూ కునుకు తీయడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఐలవ్వ ఒక్కతే బీడీల చాట చంకన పెట్టుకొని వచ్చి ముందు వరసలో కూర్చునేది. చేతులు ఆకు చుడుతుంటే కళ్ళు బోర్డు మీద ఉండేవి. ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి. ఈ వయసులో చదువెందుకని ఎవరో ఎగతాళి చేస్తే, "మా ముసలోణ్ని నా చేతులతోటి సంపుకోవద్దని" అంది.

ఆవిడ మాటలో అతిశయోక్తి లేదు. భర్త నాంపెల్లికి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. సర్కారు దవాఖానాలో నర్సమ్మ గోలీలను కాగితపు కవర్లలో పోసి, ఎవరివో, ఏది ఎప్పుడు వేసుకోవాలో పైన తెలుగులోనే రాసిస్తుంది. రెండు కవర్లూ తెల్లవే, గోలీలూ తెల్లవే. ఐలవ్వ ఒక కవరుకు పసుపు బొట్టు పెట్టి గుర్తు పట్టేది. ఒకసారి ఆ బొట్టు కాస్తా చెరిగిపోయింది. బీపీ గోలీ అనుకొని షుగరు గోలీ మళ్ళీ వేసింది. నాంపెల్లికి ఒళ్ళంతా చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా పడిపోయాడు. ఎలాగో బతికి బయటపడ్డాడు. ఐలవ్వకు మాత్రం అప్పటి నుంచి కవరు ముట్టుకోవాలంటే భయం. అందుకే బడికి వచ్చింది. గుణింతాలు దాటి చిన్న చిన్న మాటలు కూడబలుక్కునే దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే, ఈ డిజిటల్ యుగంలో అక్షరాస్యత అంటే ఏమిటో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలని పైవాళ్ళకు తోచింది.

జిల్లా ప్రాజెక్టు అధికారి చక్రధర్ గారు మా ఊరికి వేంచేశారు. బడి ఆవరణలో షామియానా వేశారు. ఆయన మైకును రెండుసార్లు తట్టి మొదలుపెట్టారు.

"ఇది నెట్‌వర్కుల యుగం. జ్ఞానం ఇక వ్యక్తి బుర్రలో నివసించదు, వ్యక్తుల మధ్య ప్రవహిస్తుంది. కరెంటు కావాలని ఇంటింటికీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటామా? ఊరికొకటి చాలు. మరి చదువు మాత్రం మనిషి మనిషికీ విడివిడిగా ఎందుకు? ఒకే అక్షరాన్ని వందమంది నేర్చుకోవడం జాతీయ శ్రమకు దుబారా. దీన్ని మేము పఠన పునరుక్తి అని గుర్తించాము. పునరుక్తి నిర్మూలనే నవ్య అక్షర మిషన్ ధ్యేయం."

జనం చప్పట్లు కొట్టారు. సమోసాలు అప్పటికే కనబడుతున్నాయి.

పథకం సులువైనదే. ఊరంతటికీ ఫోనులో ఒక గ్రూపు ఉంటుంది. దాని పేరు 'నెమలికుంట అక్షర కుటుంబం'. ఆ గ్రూపులో చదివే మనిషి ఒకరుంటారు. అధికార భాషలో ఆయన 'గ్రామ పఠన నోడ్'. ఎవరికి ఏది చదవాలన్నా ఫొటో తీసి గ్రూపులో పెడితే, నోడ్ చదివి మాట రూపంలో జవాబు పంపుతాడు. గ్రూపులో ఒకరికి చదువొస్తే అందరికీ వచ్చినట్టే. కాబట్టి గ్రూపులో చేరిన మరుక్షణం మనిషి అక్షరాస్యుడవుతాడు. ఫోను లేనివాళ్ళను ఇంట్లో ఫోనున్నవాళ్ళకు జతపరిచారు. ఆ లెక్కన నాంపెల్లి మధ్యాహ్నం కునుకులో ఉండగానే అక్షరాస్యుడైపోయాడు. లేచాక సంగతి చెబితే, "మంచిదే గని, జెర మంచినీళ్లు దే" అన్నాడట.

నోడ్‌గా రణధీర్‌ను నియమించారు. డిగ్రీ మధ్యలో ఆపేసిన యువకుడు. ఊళ్ళో అందరికంటే పెద్ద ఫోను అతనిదే. ఎంపికకు అదే కొలమానం.

నేను లేచి వినయంగా అడిగాను. "అయ్యా, నాకు ఇదివరకే చదువు వచ్చు గదా. ఎవరైనా ఎదురుపడి అడిగితే నేను చదివి చెప్పవచ్చునా?"

చక్రధర్ గారు జాలిగా నవ్వారు. "పండితులవారు చదివితే నెట్‌వర్కులో ఇద్దరు చదివినట్టవుతుంది. ఇద్దరు చదివితే రెండు అర్థాలు వస్తాయి. రెండిట్లో ఒకటి తప్పుడు సమాచారం. తప్పుడు సమాచారాన్ని అరికట్టడం తమకు ఇష్టం లేదా?"

ఇష్టమేనన్నాను. ఆయన తర్కంలో లొసుగు ఎక్కడుందో వెతికాను గాని దొరకలేదు. తర్కమంతా లొసుగే అయినప్పుడు విడిగా ఎక్కడని వెతుకుతాం? ఆ సాయంత్రమే వయోజన తరగతి మూసేశారు. అక్షరాస్యులకు అక్షరాలు నేర్పడం నిధుల దుర్వినియోగమని కారణం చూపారు.

తర్వాత పథకం బడిలోకి వచ్చింది. తరగతికొక నోడ్ విద్యార్థి చదివితే మిగిలినవాళ్ళు అనుసంధానమై కూర్చోవాలని ఆదేశం. అనుసంధానం అంటే ఏమిటో అందులో లేదు. మా హెడ్మాస్టరు భయస్తుడు. ఎందుకైనా మంచిదని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని కూర్చోమన్నాడు. ఏడో తరగతిలో భార్గవి అనే అమ్మాయి పద్యం చదువుతుంటే, మిగిలిన పిల్లలు రైలాటలో పెట్టెల్లా ఆమె వెనక బారు కట్టి ఉండేవాళ్ళు. పరీక్ష ఆమె రాస్తే అందరూ పాసయ్యారు. ఆమెకు జ్వరం వచ్చిన రోజు తరగతి మొత్తం గైరుహాజరని రాసుకోవాల్సి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాని మా బడి ఉత్తీర్ణత జిల్లాలోనే మొదటి స్థానానికి వెళ్ళింది. దండ నాకే వేశారు. మెడ వంచి వేయించుకున్నాను.

ఇక గ్రూపు సంగతి. చదివిపెట్టే మనిషి ఉచితంగా దొరికాక ఊరికే ఉంటారా జనం? పెళ్ళి శుభలేఖలు, విత్తనాల సంచులు, సబ్బు పొట్లాలు, సినిమా పోస్టర్లు, ఆటోల వెనక రాతలు, అన్నీ గ్రూపులో పడ్డాయి. ఒకాయన తన పచ్చబొట్టు ఫొటో పెట్టి, ఇదేం పేరో చెప్పమన్నాడు. చిన్నప్పుడు పొడిపించుకున్నాడట, ఎవరి పేరో మరిచిపోయాడట. పాపం రణధీర్ గొంతు బొంగురుపోయింది. మిషన్ వారు వరస పద్ధతి పెట్టారు.

ఐలవ్వ గోలీల కవరు ఫొటో పెట్టి, పొద్దుటి నుంచి ఫోను చేతిలో పట్టుకొని కూర్చునేది. ఆవిడకంటే ముందు ఒక శుభలేఖ, ఒక బీరగింజల పొట్లం, ఒక పచ్చబొట్టు ఉండేవి. జవాబు వచ్చేసరికి గోలీ వేళ దాటిపోయేది.

ఒక సాయంత్రం ఆవిడ చాట పట్టుకొని మా ఇంటి పెరట్లోకి వచ్చింది.

"సారూ, బడి బందువెట్టిండ్రు. మీరు బందు కాలేదు గదా?"

"అట్లా నేర్పకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

"మీరు నేర్పకుండ్రి. మీరు మీ పెండ్లానికి చెప్పినట్టు చెప్పుండ్రి. నేను గిక్కడ కూసోని బీడీలు చేసుకుంట. నా చెవులల్ల పడితె పడ్డది."

మా ఆవిడ విమల ఆ మాటకు ఎంత సంబరపడిందంటే, నన్ను అడక్కుండానే పాత పలక ఒకటి వెతికి తెచ్చి తుడిచి పెట్టింది. ఆ రోజు నుంచి మా పెరట్లో సారాయి కాచేవాళ్ళ పద్ధతిలో చదువు సాగింది. నేను చెబుతుంటే మా ఆవిడ వాకిట్లో కాపలా కాసేది. ఎవరైనా వస్తుంటే దగ్గేది. మేము పలక మీద చాట బోర్లించేవాళ్ళం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పాఠం చెబుతూ నాకు గుండె దడదడలాడింది ఆ రోజుల్లోనే. నిజం చెప్పాలంటే అంత ఇష్టంగా చెప్పింది కూడా అప్పుడే.

మిషన్ విజయం సాధిస్తూనే ఉంది. ఊరికొక చదువరి చాలినప్పుడు మండలానికి ఒకరు ఎందుకు చాలరని ఎవరో అధికారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రణధీర్‌కు మండల నోడ్‌గా పదోన్నతి ఇచ్చి పట్నం తీసుకుపోయారు. చివరికి జిల్లా కార్యాలయంలో కూడా పునరుక్తి నిర్మూలన జరిగింది. అక్కడా ఒక్కరే చదువుతారు. చక్రధర్ గారు సహా అందరూ ఆ ఒక్కరు చదివి చెప్పినదాని మీద సంతకాలు చేస్తారు. ఆ క్రమశిక్షణ చూసి పై రాష్ట్రాల నుంచి వచ్చి నేర్చుకుని పోయారు.

అంతలో రణధీర్‌కు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఫోను కట్టేశాడు. పెళ్ళికూతురు పెట్టిన మొదటి షరతు అదేనట. దాంతో మండలమంతా నిరక్షరాస్యమైపోయింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో వివరిస్తూ జిల్లా నుంచి ఒక ఉత్తర్వు గ్రూపులోకి వచ్చింది. దాన్ని చదివే అధికారం ఉన్నవాడు పెళ్ళిపీటల మీద ఉన్నాడు. ఊరంతా ఆ ఉత్తర్వును గౌరవంగా చూసి ఊరుకుంది.

సరిగ్గా ఆ రోజే దవాఖానా వాళ్ళు ఊళ్ళో శిబిరం పెట్టారు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. నర్సమ్మ ఒంటి చేత్తో కవర్లు పంచింది. ఐలవ్వ ఇంటికి వచ్చి కవరు ఫొటో తీసి గ్రూపులో పెట్టి కూర్చుంది. జవాబు లేదు. నాంపెల్లి అన్నం తిన్నాడు, గోలీ వేళ అయింది.

ఇక ఆవిడే కవరు వెలుగులోకి పట్టుకొని కూడబలుక్కుంది. మొదటి మాట 'రాజిరెడ్డి'. మళ్ళీ చదివింది. మళ్ళీ రాజిరెడ్డే. దాని కింద 'షుగరు, పొద్దున రెండు, మాపు రెండు' అని ఉంది. నాంపెల్లికి పడాల్సింది పూటకు ఒక్క గోలీయే. శిబిరం తోపులాటలో కవర్లు తారుమారయ్యాయన్న మాట.

ఆ కవరు పట్టుకొని ఆవిడ రాజిరెడ్డి ఇంటికి పరుగెత్తింది. ఆయన అరుగు మీద కవరు పక్కన పెట్టుకొని ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ కవరు మీద నాంపెల్లి పేరుంది. రాజిరెడ్డి పదో తరగతి పాసైనవాడు. పేరు చదవడం ఆయనకు ఒక లెక్క కాదు. కాని ఆయన రూలు దాటే మనిషి కాడు.

"పటేలా, గది మా ముసలోని పేరు. అండ్ల కండ్లు వెట్టి సూడలేదా?" అంది ఐలవ్వ.

"సూసిన గని సదువలే" అన్నాడు రాజిరెడ్డి. "మనకు పర్మిషన్ లేదు గదనే."

కవర్లు మార్చుకొని వచ్చి, నాంపెల్లి చేత గోలీ వేయించి, ఐలవ్వ సంతోషం పట్టలేకపోయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని పాపం, పెళ్ళిపీటల మీద ఉన్న పిల్లవాణ్ణి తన ఫొటో ఎక్కడ దిగులు పెడుతుందోనని గ్రూపులో మాట పంపింది.

"రణధీర్ బిడ్డా, నా కవరు సంగతి ఇడిసిపెట్టు. పరేషాన్ గాకు. నేనే సదువుకున్న. నువ్వు మంచిగ పెండ్లి చేసుకో."

ఆ గ్రూపులో చక్రధర్ గారు కూడా ఉన్నారు.

మూడో రోజుకల్లా పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. చక్రధర్ గారు, ఆయన సిబ్బంది ఇద్దరు, మా హెడ్మాస్టరు ఒక వైపు కూర్చున్నారు. రెండో వైపు ఐలవ్వను నిలబెట్టారు. అనుమానం మీద నన్నూ పిలిపించి గోడ పక్కన ఉండమన్నారు. ఊరి ఆడవాళ్ళు కిటికీల దగ్గర మూగారు.

అభియోగ పత్రం చక్రధర్ గారి చేతిలోనే ఉంది. అయితే దాన్ని ఆయన చదవకూడదు. జిల్లా నోడ్‌కు ఫోను చేశారు. సిగ్నలు లేదు. ఆయన పత్రాన్ని అటూ ఇటూ తిప్పి, జ్ఞాపకం మీదనే మొదలుపెట్టారు.

"మీరు అనధికార పఠనానికి పాల్పడినట్టు అభియోగం."

"సదివిన సారూ."

"నెట్‌వర్కు పునరుద్ధరణ జరిగే వరకు వేచి ఉండాలని తెలియదా?"

"నేను ఆగుదును సారూ. మా ముసలోని పానం ఆగకపోవు."

"మరణాలు మా శాఖ పరిధిలోకి రావు" అన్నారు చక్రధర్ గారు ఓపికగా. "పఠనం వస్తుంది. నూరు శాతం అనుసంధానం సాధించిన గ్రామంలో ఒకరు విడిగా చదివారంటే, మిగిలినవాళ్ళంతా చదవడం లేదని లోకానికి అనుమానం వస్తుంది. ఇది వ్యవస్థ మీద దాడి. మీకు నేర్పిందెవరు?"

నాకు దాచాలనిపించలేదు.

"నేనే నేర్పాను. ఇంకా చాలా నేర్పాల్సి ఉంది" అన్నాను.

హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. చక్రధర్ గారు నన్ను సస్పెండ్ చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, ఐలవ్వ వైపు తిరిగారు.

"మిషన్‌కు మానవతా దృక్పథం ఉంది. స్వచ్ఛంద పఠన విరమణ అని ఒక సదుపాయం ఉంది. ఇకపై ఏదీ చదవనని మీరు ఇక్కడ అందరి ముందూ మాట ఇవ్వండి. పండితులవారి ఉద్యోగం నిలబడుతుంది. గ్రామ గౌరవం నిలబడుతుంది."

ఐలవ్వ నా వంక చూసింది. నేను వద్దని తల ఊపాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ కష్టం ఈ గదిలో గంగపాలైపోతుందని అనుకున్నాను.

"మా సారు నౌకరి పోతదంటే మాటిత్తును సారూ" అంది ఐలవ్వ. "గని ఇచ్చిన మాట నిలవెట్టుకోవాలె గద. నేను కావాలని సదువుతలేను. కండ్లు తెరిస్తే చాలు, దానంతటదే సదువుడైతాంది. గిప్పుడు మీరు మాట్లాడుతాంటె మీ ఎనుక గోడ మీద 'ఇక్కడ ఉమ్మరాదు' అని ఉన్నది. నేను సదువుదామనుకోలే. అదే సదివిచ్చింది."

చక్రధర్ గారు సిబ్బందికి సైగ చేశారు. ఒకాయన లేచి ఆ రాతకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీ నీళ్ల సీసా మీద 'మంచినీరు' అని ఉన్నది."

సీసాను బల్ల కింద పెట్టారు.

"గా క్యాలెండర్ల 'శనివారం' ఉన్నది."

క్యాలెండరును గోడకు తిప్పారు. వెనక ఎరువుల కొట్టు ప్రకటన ఉంది. ఐలవ్వ అది కూడా చదివింది. దాన్ని ఊడదీసి మడిచి, హెడ్మాస్టరు దాని మీద కూర్చున్నాడు.

"మీ చేతుల కాయితం మీద నా పేరున్నది సారూ. 'అత్యంత గోప్యం' అని సుత ఉన్నది."

చక్రధర్ గారు ఉలిక్కిపడి అభియోగ పత్రాన్ని చొక్కా లోపల దాచుకున్నారు. గదిలో ఇక అక్షరమన్నది మిగల్లేదని అంతా నిమ్మళించారు. ఐలవ్వ కళ్ళు మాత్రం కిటికీ వైపు తిరిగాయి. అవతల రోడ్డు మీద ఒక ఆటో వెనక ఏదో రాసుంది. ఆవిడ పెదవులు కదలడం చూసి, చక్రధర్ గారు కిటికీలు మూయించారు. తలుపు సందులోంచి బడి గోడ కనిపిస్తున్నదని తలుపు కూడా మూయించారు. లైటు వేస్తే బల్బు మీద ఏమైనా రాసుంటుందేమోనని వేయనివ్వలేదు.

ఒక మనిషి చదవకుండా ఉండడం కోసం, పట్టపగలు, జిల్లా అక్షరాస్యతా శాఖ మొత్తం చీకట్లో కూర్చుంది. నాకు ఎంత నవ్వొచ్చిందో అంత సంతోషమూ వేసింది. ఉద్యోగం పోతే పోయింది గాని, నేను నేర్పినది ఈ గదిలో ఎవడూ ఊడబెరకలేడని నాకు అర్థమైంది.

"ఇప్పుడు?" అన్నారు చక్రధర్ గారు చీకట్లోంచి, ఆశగా. "ఇప్పుడు ఏమీ చదవడం లేదు కదా?"

ఐలవ్వ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు. నిజంగానే సాయం చేయాలనుకున్న మనిషి గొంతు అది.

"కండ్లు మూసుకున్నా పోతలేవు సారూ. అచ్చరాలు లోపల్నే కనవడుతున్నయ్. నేర్సుకునుడు మా సారు నేర్పిండు. మర్సిపోవుడు నేర్పెటోళ్లు మీ తాన ఎవలన్న ఉంటె తోలుండ్రి. గా బడికి సుత అస్త." మళ్ళీ తనే అంది. "అందాక సదువుకుంట ఉంట."